కొండ మీద కట్టిన కారు, తీరాన పందెం

సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కే పాత కార్బొరేటర్ (గాలినీ పెట్రోలునూ కలిపే పరికరం) కారు సగం దారికి వచ్చేసరికి కొంచెం నీరసపడుతుంది. అందుకు కారణం ఎగువ దారి ఒక్కటే కాదు, గాలి పలచబడటం కూడా. సాలూరు సముద్రమట్టానికి నూరు మీటర్లకు కాస్త పైన ఉంటే, కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం తీరంతో పోలిస్తే దాదాపు 10 శాతం తక్కువ. ఇప్పటి ఇంజెక్షన్ కార్లలో కంప్యూటర్ ఈ తేడాను కనిపెట్టి తనంత తానే సర్దుకుంటుంది. 1960ల నాటి స్పోర్ట్స్ కారుకు ఆ సౌకర్యం లేదు, మెకానిక్ చెవీ చెయ్యీ తప్ప దానికి వేరే దిక్కు లేదు. అలాంటి కారును కోరాపుట్, జయపురం, సునాబెడ ప్రాంతంలో కట్టి, చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద పరుగెత్తించాలనుకునేవారు మొదటి రోజు నుంచీ ఈ 10 శాతాన్ని గుర్తుపెట్టుకోవాలి. కొండ మీద బలహీనంగా తోచిన ఇంజిన్‌కు ఉత్సాహం కొద్దీ చేసిన వైద్యం, తీరానికి దిగాక పిస్టన్‌కు చిల్లు పెట్టగలదు.

ఈ సరిహద్దు జిల్లాల్లో ఇలాంటి పని జరగదనుకోవడం పొరపాటు. సునాబెడలో హెచ్‌ఏఎల్ 1960ల నుంచి యుద్ధ విమానాల ఇంజిన్లు తయారుచేస్తోంది. దామంజోడిలో నాల్కో కర్మాగారం, రాయగడ పక్కన కాగితపు మిల్లు ఉన్నాయి. వీటి చుట్టూ టర్నర్లు, ఫిట్టర్లు, వెల్డర్లు తరాలుగా స్థిరపడ్డారు, వారిలో తెలుగువారు తక్కువేమీ కాదు. జయపురం షెడ్లలో ఒడియా, తెలుగు ఒకే సంభాషణలో కలిసిపోతాయి. లేత్ దగ్గర కొలత మాత్రం ఏ భాషలోనైనా ‘థౌ’, అంటే అంగుళంలో వెయ్యో వంతు. అంగుళాల లెక్కలో పుట్టిన బ్రిటిష్ కారుకు ఈ అలవాటు పెద్ద ఆస్తి. ఆ కారు నట్లకు ఇంచి పానాలే వాడాలి. అర అంగుళం నట్టుకు 13 మిల్లీమీటర్ల పానా పట్టినట్టే ఉంటుంది, రెండుసార్లు తిప్పితే మూలలు అరిగిపోతాయి. అరవై ఏళ్ల కారుకు ఇలాంటి నష్టం ఒక్కొక్కటీ పెద్దదే.

ఏ కారు ఎంచుకోవాలన్న విషయంలో అందం కన్నా విడిభాగాల లభ్యతే నిర్ణయించాలి. ఆ లెక్కన ట్రయంఫ్ కుటుంబం మంచి ఎంపిక. 1962లో బ్రిటన్‌లో వచ్చిన రెండు సీట్ల స్పిట్‌ఫైర్‌కు పునాది హెరాల్డ్ కారు. ఆ హెరాల్డ్‌నే మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ 1961 నుంచి తయారుచేసింది. రెండింటికీ రూపకల్పన చేసినది ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలోత్తి. ముందు సస్పెన్షన్ పద్ధతి ఒకటే, ఇంజిన్ వంశమూ ఒకటే. మన హెరాల్డ్ ఇంజిన్ 948 సీసీ, బోరు (సిలిండర్ వెడల్పు) 63 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 76. తొలి స్పిట్‌ఫైర్‌లో స్ట్రోకు అంతే ఉంచి బోరును 69.3కు పెంచితే 1147 సీసీ అయింది. రెండు ఎస్‌యూ కార్బొరేటర్లతో 63 హార్స్‌పవర్ ఇచ్చింది. ఇప్పటి చిన్న కారు కూడా అంతకన్నా ఎక్కువ శక్తినిస్తుంది. కానీ స్పిట్‌ఫైర్ బరువు 700 కిలోలకు కాస్త పైన. ఔత్సాహిక పందెంలో తేలికైన కారే డ్రైవరుకు పని నేర్పుతుంది.

పని మొదలుపెట్టే ముందు చట్టం సంగతి తేల్చుకోవాలి. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో చెప్పుకోదగ్గ మార్పులు లేని వాహనమే ‘వింటేజ్’. దానికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు, కొత్తగా నమోదుకు రుసుము 20,000 రూపాయలు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, వాటికి వెళ్లిరావడానికి, ఇంధనానికి, మరమ్మతుకు తప్ప దాన్ని రోడ్డెక్కించకూడదు. కనుక ఒకే కారును వింటేజ్ నంబరుతో ఉంచి, ట్రాక్ కోసం కోసి అతికించడం కుదరదు. పూర్తి స్థాయి పందెపు కారు ట్రాక్ దాకా లారీ మీదో ట్రైలర్ మీదో వెళ్లవలసిందే. తిరిగి విప్పి పూర్వరూపానికి తేగలిగిన మార్పులకే పరిమితం కావడం, తీసిన ప్రతి అసలు భాగాన్నీ నూనె గుడ్డలో చుట్టి, పేరు రాసి దాచడం మేలు. రోల్ కేజ్ (కారు బోల్తాపడితే డ్రైవరును కాపాడే గొట్టాల చట్రం), బెల్టులు, మంటలార్పే సిలిండర్, ఇగ్నిషన్ కట్ స్విచ్ విషయంలో మాత్రం బేరం ఉండకూడదు.

చాలామంది చేసే తప్పు ఇంజిన్‌తో మొదలుపెట్టడం. లెక్క వేస్తే మొదటి పని బ్రేకులదని తెలుస్తుంది. డ్రైవరుతో కలిపి 820 కిలోల కారు గంటకు 130 కిలోమీటర్ల వేగం నుంచి 60కి తగ్గాలంటే దాదాపు 420 కిలోజౌళ్ల శక్తిని వేడిగా మార్చాలి. అందులో 70 శాతం ముందు చక్రాలు భరిస్తాయి. 5 కిలోల పోత ఇనుప డ్రమ్ము ఒక్క బ్రేకుతోనే 60 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. తరువాతి మలుపు వచ్చేసరికి అది చల్లబడదు. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూ నుంచి దూరం జరుగుతుంది, పెడల్ కిందికి దిగుతుంది, నాలుగైదు ల్యాపులకే బ్రేకు మొద్దుబారుతుంది. డిస్క్‌కు ఈ బాధ లేదు: వ్యాకోచించినా ప్యాడ్ వైపే జరుగుతుంది, గాలికి తెరిచి ఉంటుంది. స్పిట్‌ఫైర్‌కు మొదటి నుంచీ ముందు డిస్కులున్నాయి. ఒకే కుటుంబం కాబట్టి ఆ ఏర్పాటును హెరాల్డ్‌కు పెద్ద కోతలు లేకుండా అమర్చవచ్చు. బ్రేక్ ఆయిల్ మాట కూడా మరువకూడదు. డాట్ 4 రకం తాజాగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. కోరాపుట్ వానాకాలంలో మూత తీసి ఉంచిన డబ్బా నాలుగు రోజుల్లో పనికిరాకుండా పోతుంది. పందేనికి ముందు కొత్త సీసా విప్పి, పాతదంతా తోడేయాలి.

ఇక ఈ కుటుంబపు కార్లలో అసలైన చిక్కు వెనక సస్పెన్షన్. హెరాల్డ్‌లోనూ స్పిట్‌ఫైర్‌లోనూ వెనక చక్రాలు స్వింగ్ యాక్సిల్ మీద ఉంటాయి. యాక్సిల్ డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్యనుండే గేరు పెట్టె) దగ్గర మాత్రమే కీలు తిరుగుతుంది, చక్రం దానికి బిగిసి ఉంటుంది. కనుక చక్రం పైకీ కిందికీ ఊగినప్పుడల్లా దాని వాలు మారిపోతుంది. మలుపు మధ్యలో డ్రైవరు భయపడి యాక్సిలరేటర్ వదిలితే బరువు ముందుకు దొర్లి, వెనకభాగం పైకి లేస్తుంది. బయటి చక్రం కారు కిందికి మడుచుకుపోయినట్టు అయి, టైరు దాని బయటి అంచు మీద నిలబడుతుంది. నేలను పట్టే రబ్బరు సన్నటి గీత మాత్రమే అవుతుంది, వెనకభాగం ఒక్కసారిగా పక్కకు జారిపోతుంది. మామూలు రోడ్డు మీద నెమ్మదిగా నడిపేవారికి ఇది ఎప్పుడూ ఎదురుకాకపోవచ్చు, ట్రాక్ మీద మొదటి గంటలోనే ఎదురవుతుంది. మన కొనుగోలుదారులకూ మెకానిక్‌లకూ ఈ యాక్సిల్ నచ్చకపోవడంతో, స్టాండర్డ్ సంస్థ 1970లలో తెచ్చిన గాజెల్‌కు మామూలు బిగి యాక్సిల్ పెట్టింది. బ్రిటన్‌లో ట్రయంఫ్ వేరే దారి పట్టింది. 1970 చివర వచ్చిన నాలుగో తరం స్పిట్‌ఫైర్‌లో అడ్డంగా ఉండే కమాన్ కట్టలో (ఉక్కు పట్టీల స్ప్రింగులో) ఒక్క పట్టీ తప్ప మిగిలినవి మధ్య ఇరుసు మీద స్వేచ్ఛగా ఊగేలా చేసింది. దానితో కారు పక్కకు ఒరిగినప్పుడు కట్ట ఎదురు తిరగదు, రెండు చక్రాలూ ఒకేసారి అణిగినప్పుడే బలం చూపుతుంది. వెనకభాగం పైకి లేవడం బాగా తగ్గింది.

పాత కట్టతోనే పందెం ఆడాలంటే వెనకభాగాన్ని దించి, కారు నిలిచి ఉన్నప్పుడే చక్రాల పైఅంచులు 2 డిగ్రీల మేర లోపలికి వాలేలా చేయాలి. దానికి కమాన్ కట్ట వంపు తగ్గించాలి. లారీ కట్టలు కొట్టే పనివారికి ఇది చేతి అలవాటు. జాగ్రత్త ఒక్కటే: పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి వంచితే ఉక్కు పదును పోతుంది, నెలలోపే కుంగిపోతుంది. చల్లని ఉక్కును కొంచెం కొంచెంగా కొట్టి వంపు తీయాలి, ప్రతి పట్టీ వంపునూ అట్ట మీద గీసుకుని రెండు చివరలూ సరిచూడాలి. ముందు వైపు మందమైన యాంటీ రోల్ బార్ (కారు ఒరగకుండా రెండు చక్రాలనూ కలిపే కడ్డీ) వేస్తే ఒరిగే భారాన్ని ముందు చక్రాలు ఎక్కువ మోస్తాయి, వెనక చక్రాలు నెమ్మదిస్తాయి. అలా చేసిన కారు మలుపులో ముక్కు కాస్త బయటికి పోతుంది. కొత్త డ్రైవరుకు తోక జారే కారు కన్నా ముక్కు జారే కారే క్షేమం.

బ్రేకులు, సస్పెన్షన్ కుదిరాకే ఇంజిన్ దించాలి. ఈ ఇంజిన్ క్రాంక్‌కు, అంటే పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసుకు, మెయిన్ బేరింగులు మూడే. 76 మిల్లీమీటర్ల స్ట్రోకుతో నిమిషానికి 6000 తిరుగుళ్ల దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 15.2 మీటర్లు. ఇది భరించదగినదే. అయితే పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు ఒకదానికొకటి గ్రాము తేడా లేకుండా తూచి అమర్చాలి, క్రాంక్‌ను ఫ్లైవీల్‌తో కలిపి బ్యాలెన్స్ చేయించాలి.

దీని అసలు బలహీనత మరొకటి. క్రాంక్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపేవి వెనక మెయిన్ బేరింగ్ దగ్గరున్న రెండు అర్ధచంద్రాకారపు థ్రస్ట్ వాషర్లు మాత్రమే. క్లచ్ తొక్కినప్పుడల్లా ఆ బలమంతా వాటి మీదే పడుతుంది. పరీక్ష చాలా సులువు. ముందు పుల్లీకి ఎదురుగా డయల్ గేజ్ నిలిపి, ఒకరు క్లచ్ తొక్కి వదులుతుంటే ఇంకొకరు ముల్లు చూడాలి. ముల్లు 4 నుంచి 8 థౌల మధ్య కదిలితే సరే. 15 దాటితే వాషర్ అరిగిపోయినట్టే. ఇంకా అశ్రద్ధ చేస్తే అది జారి ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులో పడుతుంది, ఆ తరువాత క్రాంక్ నేరుగా సిలిండర్ బ్లాకును కొరుకుతుంది. కొన్ని వందల రూపాయల వాషర్ కోసం దొరకని బ్లాకు పోతుంది. పాత హెరాల్డ్ కొనేటప్పుడు బానెట్ కింద రంగు మెరుపు చూసి మురిసిపోయే ముందు ఈ ముల్లు చూడటం తెలివైన పని. దించిన ఇంజిన్‌కు మరో చిన్న పని ఉంది. సంపులో అడ్డుపలకలు వెల్డ్ చేయించాలి, లేకపోతే పొడవైన మలుపులో ఆయిల్ ఒక పక్కకు పోయి పంపు గాలి పీలుస్తుంది.

మొదట చెప్పిన 10 శాతం ప్రమాదంగా మారేది కంప్రెషన్ దగ్గర, అంటే సిలిండర్‌లో గాలిని ఎన్నో వంతుకు నొక్కుతారన్న లెక్క దగ్గర. 1147 ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 286.7 సీసీ. 9:1 కంప్రెషన్ కావాలంటే పైన మిగిలే ఖాళీ, గాస్కెట్ మందంతో కలిపి, 35.8 సీసీ ఉండాలి. దాన్ని 31.9కి తగ్గిస్తే 10:1 అవుతుంది. తేడా నాలుగు సీసీలే, పది సీసీల సిరంజిలో సగం కూడా నిండదు. హెడ్‌ను (సిలిండర్ల పై మూతను) బోర్లించి, దానిలోని ఛాంబర్ మీద గ్రీజుతో పారదర్శక పలక అంటించి, సిరంజితో పలుచని నూనె పోసి నాలుగు ఛాంబర్లనూ కొలవాలి. ఆ ఓపిక లేకుండా హెడ్‌ను ‘కొంచెం ఎక్కువే’ ఫేసింగ్ చేయించడం, అంటే అడుగు ముఖాన్ని చెక్కించడం, ఎన్నో ఇంజిన్లను బలిగొన్న అలవాటు. కోరాపుట్‌లో ఆ ఇంజిన్ హాయిగా తిరుగుతుంది, ఎందుకంటే అక్కడ సిలిండర్‌లోకి చేరే గాలే తక్కువ. 63 హార్స్‌పవర్ ఇంజిన్ అక్కడ దాదాపు 57 మాత్రమే ఇస్తుంది. ఆ లోటు పూడ్చాలని టైమింగ్‌ను (స్పార్క్ పడే క్షణాన్ని) ముందుకు జరుపుతారు, నాకింగ్ (ఇంధనం తప్పుగా పేలే టకటక) వినిపించదు, ఇంకా జరుపుతారు. అదే అమరికతో తీరానికి దిగితే ప్రతి సిలిండర్‌లో గాలి పెరుగుతుంది, పీడనం పెరుగుతుంది, ఇంధనం స్పార్క్‌తో పని లేకుండా పేలడం మొదలవుతుంది. పందెం హోరులో, హెల్మెట్ లోపల ఆ టకటక చెవికి చేరదు. కనుక కొండ మీద ఇంజిన్ ఎంత మందంగా తోచినా, లెక్క తీరానిదే వేయాలి.

గాలీ ఇంధనమూ కలిసిన మిశ్రమం సంగతి దీనికి తోడు. కార్బొరేటర్‌లో ఇంధన ప్రవాహం గాలి సాంద్రతను సూటిగా కాక, దాని వర్గమూలాన్ని అనుసరిస్తుంది. కనుక గాలి 10 శాతం పలచనైతే మిశ్రమం సుమారు 5 శాతం చిక్కబడుతుంది. కోరాపుట్‌లో సరిగ్గా కుదిర్చిన మిశ్రమం చెన్నై దగ్గర 5 శాతం పలచబడుతుందని అర్థం. పలుచని మిశ్రమం వేడిగా మండుతుంది, టైమింగ్ తప్పుతో కలిసినప్పుడు పిస్టన్‌ను కరిగించేది ఇదే. కొండ మీద చలి ఉదయానికీ చెన్నై ఎండకూ ఉన్న ఉష్ణోగ్రత తేడా దీన్ని కొంత తగ్గిస్తుంది. సుమారు సగం తినేసినా మిగిలిన సగం పట్టించుకోదగినదే. కార్బొరేటర్ ముట్టుకున్న ప్రతిసారీ ఊరు, వేళ, ఉష్ణోగ్రత పుస్తకంలో రాసుకోకపోతే ఏ తేడా దేనివల్ల వచ్చిందో ఎప్పటికీ తేలదు.

పాత పుస్తకాల్లోని జెట్ (కార్బొరేటర్‌లో ఇంధనం వచ్చే సన్నటి రంధ్రం) అంకెలను నమ్ముకునేవారికి ఇంధనం ఇంకో చిక్కు తెచ్చింది. అవి స్వచ్ఛమైన పెట్రోలు కాలానివి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసినది. పెట్రోలు ఒక పాలు పూర్తిగా మండటానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఈ మిశ్రమానికి 13.5 చాలు. అంటే పాత జెట్టుతో ఇంజిన్ సుమారు 8 శాతం పలచగా నడుస్తుంది. కొండ నుంచి దిగిన తేడాను దీనికి కలిపితే ప్రమాదం రెట్టింపు. ఇథనాల్ ఆక్టేన్ పెంచుతుంది, అది మేలే. కానీ పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, తేమ పీల్చుకుంటుంది. కనుక ఇథనాల్‌ను తట్టుకునే వైటాన్ గొట్టాలు వేయాలి, పందెం అయ్యాక ట్యాంకు ఖాళీ చేయాలి. సీసం లేని పెట్రోలు 2000 నుంచి దేశమంతటా వచ్చింది కాబట్టి, ఇనుప హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు వేయించడం ఎలాగూ తప్పదు.

ఎస్‌యూ కార్బొరేటర్ ట్యూనింగ్ చూడటానికే ముచ్చటగా ఉంటుంది. లోపల ఇత్తడి జెట్టులో కోసుగా ఉండే సూది ఒకటి పైకీ కిందికీ ఆడుతుంది, ఇంజిన్ ఎంత గాలి అడిగితే కార్బొరేటర్‌లోని పిస్టన్ అంత లేచి, సూదిని అంత పైకి లాగుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక, కార్బొరేటర్ పక్కనున్న చిన్న పిన్నుతో ఆ పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ ఎత్తాలి. ఇంజిన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే మిశ్రమం చిక్కన. చచ్చుబడితే పలచన. ఒక క్షణం కొంచెం పెరిగి, మళ్లీ స్థిమితపడితే సరిగ్గా ఉన్నట్టు. కింద ఉన్న ఆరు ముఖాల నట్టును ఒక్కో ముఖం చొప్పున తిప్పుతూ, రెండు కార్బొరేటర్లకూ ఒకే జవాబు వచ్చేదాకా ఇది సాగాలి. నలభై ఏళ్లు వీటితో గడిపిన మేస్త్రీలు రబ్బరు గొట్టం ఒక చివర చెవిలో పెట్టుకుని, రెండో చివర కార్బొరేటర్ నోటి దగ్గర ఉంచి, గాలి ఈల విని రెండింటినీ జత చేస్తారు. ఇంజెక్షన్ కార్ల మీద పని నేర్చుకున్న పిల్లలకు ఈ విద్య అందకుండా పోతోంది. ఆ మేస్త్రీలు ఉండగానే పక్కన నిలబడి నేర్చుకోవడం మంచిది.

అయితే ఈ పరీక్ష ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పటి సంగతే చెబుతుంది. పూర్తి వేగంలో మిశ్రమం ఎలా ఉందో తెలియాలంటే ఎగ్జాస్ట్‌లో లాంబ్డా సెన్సర్ (పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే పరికరం) పెట్టి చూడాలి. కొండ జిల్లాల వారికి తీరపు గాలి అందే దగ్గరి చోటు సాలూరే. రోడ్డు రిజిస్ట్రేషన్ ఉన్న కారైతే అక్కడికి దించి, పూర్తిగా వేడెక్కించి, ఘాట్ మొదటి ఎక్కుడులో మామూలు వేగంతో మూడో గేరులో ఎక్కిస్తే చాలు. ఎక్కుడు బరువు మోస్తున్న ఇంజిన్‌లో నాకింగ్ ఉంటే అక్కడే బయటపడుతుంది. ఘాట్‌ను పందెపు దారిగా వాడుకోవాలన్న ఆలోచనను మాత్రం మొగ్గలోనే తుంచాలి. లారీలు, బస్సులు, సంతకు నడిచే మనుషులు ఉన్న దారి అది.

వేగానికి చోటు ట్రాక్ ఒక్కటే. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో పుట్టింది. మొదట షోలవరం పాత విమానాల రన్‌వే మీద, 1990 నుంచి ఇరుంగాట్టుకోట్టైలో పందేలు సాగుతున్నాయి. పూర్తి ట్రాక్ 3.7 కిలోమీటర్లు, మలుపులు 12. జయపురం నుంచి అక్కడికి సుమారు 1000 కిలోమీటర్లు, ట్రైలర్ మీద రెండు రోజుల ప్రయాణం. అంత దూరం పోయి మొదటి గంటలోనే ఇంజిన్ పాడుచేసుకోకుండా ఉండాలంటే, దింపిన వెంటనే కార్బొరేటర్ కింది నట్టును రెండు ముఖాలు చిక్కదనం వైపు తిప్పి, టైమింగ్‌ను రెండు డిగ్రీలు వెనక్కి జరపాలి. శక్తి కొంచెం తగ్గుతుంది, ఫరవాలేదు. మొదటి విడత నాలుగు ల్యాపులే తిప్పాలి. చివరి నేరు దారిలో పూర్తి వేగంతో వస్తూ, ఇగ్నిషన్ ఆపి, క్లచ్ తొక్కి, అలాగే దొర్లుకుంటూ పిట్ లోకి రావాలి. నాలుగు ప్లగ్గులూ విప్పి, సిలిండర్ల వరుసలోనే తెల్ల గుడ్డ మీద పెట్టి, పింగాణీని భూతద్దంతో చూడాలి. ఎక్కడా తెల్లటి పొక్కులు, మెరిసే అల్యూమినియం చుక్కలు కనిపించకపోతే టైమింగ్‌ను ఒక్క డిగ్రీ ముందుకు జరిపి, మరో నాలుగు ల్యాపులు తిప్పాలి.